పెట్టెలో ఏ దేశపు చిరుతిండి సర్దాలి? అమెరికా, కెనడా, మెక్సికో పోలిక

న్యూజెర్సీ కొట్లో స్మార్టీస్ అడిగితే పుల్లపుల్లగా, పొడిపొడిగా ఉండే చక్కెర బిళ్ళల చుట్ట ఇస్తారు. టొరంటోలో అదే పేరు చెబితే మన జెమ్స్ లాంటి రంగురంగుల చాక్లెట్ బిళ్ళలు చేతికొస్తాయి. ఆ పుల్లటి బిళ్ళలే కావాలంటే కెనడాలో రాకెట్స్ అని అడగాలి. సరిహద్దు దాటితే ఒక్కోసారి పేరు అదే ఉండి సరుకు మారుతుంది, ఒక్కోసారి సరుకు అదే ఉండి పేరు మారుతుంది. ఇండియా ప్రయాణానికి పెట్టెలు సర్దేవాళ్ళూ, నయాగరా దాటి వారాంతానికి వెళ్ళొచ్చేవాళ్ళూ, డాలస్‌లో మెక్సికన్ కొట్టు పక్కనే ఉన్నా ఏం కొనాలో తెలియక బయటికొచ్చేసేవాళ్ళూ డబ్బు వృథా చేసుకునేది ఇక్కడే.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, అది ఇండియాలో దొరుకుతుందా అన్నది. కిట్‌క్యాట్, స్నికర్స్, ఓరియో, ప్రింగిల్స్, డొరిటోస్, ఫెర్రెరో రోషే, హర్షీస్ కిసెస్ ఇప్పుడు మన ఊళ్ళ సూపర్‌మార్కెట్లలోనే ఉన్నాయి. కిండర్ జాయ్ అయితే మహారాష్ట్రలోని బారామతిలోనే తయారవుతోంది. దాన్ని పన్నెండు వేల కిలోమీటర్లు మోసుకెళ్ళి మేనల్లుడి చేతిలో పెడితే వాడు "ఇది మా వీధి చివర ఉంది మావయ్యా" అంటాడు.

రెండోది శాకాహారం. ఈ మూడు దేశాల్లోనూ మన ప్యాకెట్ల మీద ఉండే ఆకుపచ్చ చుక్క లాంటిది తప్పనిసరి కాదు. పదార్థాల జాబితా చదవక తప్పదు. ఎక్కువమంది పొరబడేది నూగా (చాక్లెట్ బార్ లోపల ఉండే మెత్తటి తీపి ముద్ద) దగ్గర. అమెరికా స్నికర్స్, మిల్కీ వే, త్రీ మస్కటీర్స్ మూడింట్లోనూ గుడ్డు తెల్లసొన ఉంటుంది. ఇండియాలో అమ్మే స్నికర్స్‌ని గుడ్డు లేకుండా చేస్తారు కాబట్టి "మేం ఎప్పుడూ తినేదేగా" అనుకుని అమెరికాది కొనేస్తారు. గుడ్డు ముట్టని ఇంటికి ఇండియా స్నికర్సే సరైనది.

మూడోది ఎండ. చాక్లెట్‌లోని కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 28 దాటినప్పటి నుంచే మెత్తబడటం మొదలవుతుంది. సంక్రాంతికి వెళ్తే ఏది పట్టుకెళ్ళినా పెద్దగా ఇబ్బంది ఉండదు. బడులకు సెలవులిచ్చాక జూన్, జులైల్లో దుబాయో దోహానో మీదుగా వెళ్తేనే అసలు పరీక్ష. విమానం అడుగున సామాను గది చల్లగానే ఉంటుంది. చాక్లెట్ పాడయ్యేది విమానాశ్రయం బయట సామాను బండి మీద ఎండలో నిలబడ్డప్పుడు, శంషాబాద్ నుంచి ఊరికి కారు డిక్కీలో ఐదు గంటలు ఉడికినప్పుడు.

నాలుగోది బరువూ జాగా. చాక్లెట్లు బరువు తింటాయి, చిప్స్ జాగా తింటాయి. 23 కిలోల పెట్టె చాక్లెట్లతో సగం నిండేసరికే తూకం ముల్లు పైకెళ్తుంది, చిప్స్‌తో అంచులదాకా నిండినా ఆరేడు కిలోలు దాటదు. ఒక పెట్టెలో రెండూ కలిపి వేసుకుంటేనే లెక్క కుదురుతుంది.

ఒకే పేరు, వేరే సరుకు

| పేరు | అమెరికాలో | కెనడాలో |
|---|---|---|
| స్మార్టీస్ | పుల్లటి చక్కెర బిళ్ళలు, చాక్లెట్ ఉండదు | నెస్లే చేసే రంగు పూత చాక్లెట్ బిళ్ళలు |
| కిట్‌క్యాట్ | హర్షీ చేస్తుంది | నెస్లే చేస్తుంది |
| క్యాడ్బరీ డెయిరీ మిల్క్ | లైసెన్సు మీద హర్షీ చేస్తుంది | క్యాడ్బరీ యజమాని మాండలీజ్ టొరంటోలో చేస్తుంది |
| మార్స్ బార్ | దీనికి దగ్గరది అమెరికా మిల్కీ వే | నూగా, క్యారమెల్, పైన చాక్లెట్ |
| రీసెస్ పల్లీ వెన్న కప్పులు | మామూలు ప్యాకెట్లో 2 | మామూలు ప్యాకెట్లో 3 |
| కిండర్ సర్‌ప్రైజ్ గుడ్డు (లోపల బొమ్మ ఉండే చాక్లెట్) | అమ్మకం నిషేధం | ప్రతి కొట్లోనూ ఉంటుంది |

కిట్‌క్యాట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. దీన్ని పుట్టించిన బ్రిటన్ కంపెనీ రౌన్‌ట్రీ 1970లో అమెరికా హక్కుల్ని హర్షీకి ఇచ్చింది. 1988లో రౌన్‌ట్రీని నెస్లే కొనేసినా ఆ ఒప్పందం అలాగే నిలిచింది. అందుకే డెట్రాయిట్‌లో ఒక కంపెనీ కిట్‌క్యాట్, వంతెన దాటి విండ్సర్‌కి వెళ్తే ఇంకో కంపెనీ కిట్‌క్యాట్. పక్కపక్కన పెట్టుకుని తింటే కెనడాది పాలరుచి ఎక్కువగా, అమెరికాది తీపి ఎక్కువగా అనిపిస్తుంది. ఇండియా ప్యాకెట్ చదివితే అందులో చాక్లెట్ అని కాకుండా "చోకో లేయర్" అని ఉంటుంది. ఇండియా కిట్‌క్యాట్ అలవాటైన పిల్లలకు ఈ తేడా చూపించాలంటే కెనడాది నాలుగు తెస్తే చాలు, పెట్టె నింపనక్కర్లేదు.

చాక్లెట్: అమెరికాదా, కెనడాదా?

పాల చాక్లెట్ వరకు కెనడాదే మేలు. ఇది ఇష్టాయిష్టాల మాట మాత్రమే కాదు. హర్షీ బార్ కొరికితే చివర్లో చిన్న పులుపు, పాలు విరగబోతున్నట్టు ఒక వాసన తగులుతుంది. పాలకొవ్వు విడివడినప్పుడు వచ్చే బ్యుటిరిక్ ఆమ్లమే దానికి కారణమని ఆహార శాస్త్రం తెలిసినవాళ్ళు చెబుతారు. గట్టి పర్మేసాన్ చీజ్‌లోనూ అదే ఆమ్లం ఉంటుంది. అమెరికాలో పుట్టిన పిల్లలకు చాక్లెట్ అంటే ఆ రుచే. ఇండియాలో క్యాడ్బరీ తిని పెరిగినవాళ్ళలో చాలామంది మొదటి ముక్కకే "ఇది పాతబడిందేమో చూడు" అంటారు. పాతబడలేదు, దాని తీరే అంత.

రెండు దేశాల నిబంధనలూ వేరు. అమెరికాలో పాల చాక్లెట్ అనిపించుకోవాలంటే రుబ్బిన కోకో గింజల ముద్ద కనీసం 10 శాతం ఉండాలి. కెనడాలో మొత్తం కోకో పదార్థం కనీసం 25 శాతం ఉండాలి. ఈ రెండు అంకెల్నీ నేరుగా పోల్చకూడదు. కెనడా లెక్కలో విడిగా కలిపిన కోకో వెన్న కూడా చేరుతుంది, అమెరికా లెక్కలో చేరదు. రెండు చోట్లా పనికొచ్చే గుర్తు ఒకటుంది. ప్యాకెట్ మీద చాక్లెట్ అని కాకుండా "చాక్లెటీ", "చాక్లెట్ రుచి" అని రాసి ఉంటే అది కోకో వెన్నకు బదులు వేరే నూనె కొవ్వు వాడినది. రుచి తక్కువే గానీ ఎండకు తట్టుకునేది కూడా అదే. మే నెలలో బెజవాడ వెళ్ళేవాళ్ళకు ఆ లోపమే వరం.

కెనడాలో మాత్రమే తేలిగ్గా దొరికేవాటిలో ముందు కొనాల్సింది కాఫీ క్రిస్ప్. పొరలుపొరలుగా వేఫర్, మధ్యలో కాఫీ రుచి క్రీము, పైన పాల చాక్లెట్. 50 గ్రాముల బార్ చేతికి తేలిగ్గా ఉంటుంది. ఫిల్టర్ కాఫీ ఘాటు ఆశించకండి, పాలెక్కువ పోసిన కాఫీలా ఉంటుంది. వేఫర్ ఎక్కువ, చాక్లెట్ తక్కువ కావడంతో కాస్త మెత్తబడ్డా ఆకారం చెడదు.

క్యారమిల్క్ కెనడాలో 1968 నుంచీ ఉంది. గదులుగదులుగా ఉన్న చాక్లెట్‌లో జారుడు క్యారమెల్. తినడానికి బాగుంటుంది, మోసుకెళ్ళడానికి ఏమాత్రం పనికిరాదు. పై పెంకు ఒక్కచోట చిట్లినా క్యారమెల్ కాగితంలోంచి కారి పక్కనున్న బట్టలకు అంటుతుంది. ఏరో బార్‌దీ అదే కథ. లోపల గాలి బుడగలుండటం వల్ల గోడలు పల్చన, అందుకే మామూలు బార్ కంటే ముందే కరుగుతుంది. ఈ రెండూ కెనడాలో ఉన్నప్పుడు తినేసి రావాల్సినవి.

అమెరికా ముందుండేది పల్లీ వెన్నతో చేసేవాటిలో. చాక్లెట్ కింద ఉప్పగా, కాస్త గరుకుగా ఉండే రీసెస్ కప్పు పల్లీలు బాగా తినే మన నోటికి తొందరగా అలవాటవుతుంది. అక్టోబరు 31న హాలోవీన్ అయిపోగానే మర్నాటి నుంచి చిన్న ప్యాకెట్ల సంచులు చాలా కొట్లలో సగం ధరకు దిగుతాయి. డిసెంబరు ప్రయాణానికి అప్పుడే కొనిపెట్టుకోవచ్చు. గడువు తేదీ మాత్రం చూసుకోండి. గుమ్మడికాయ ఆకారంలో ఉన్నవి ఊళ్ళో ఎవరికీ అర్థం కావు గానీ రుచి అదే.

మేపుల్ సిరప్ కోసం ప్రత్యేకంగా సరిహద్దు దాటక్కర్లేదు. ప్రపంచంలో ఎక్కువ భాగం కెబెక్‌లోనే తయారైనా అమెరికాలోని వెర్మాంట్ సిరప్ నాణ్యతలో ఏమాత్రం తీసిపోదు. గోల్డెన్, అంబర్, డార్క్, వెరీ డార్క్ అన్న రంగు తరగతులు రెండు దేశాల్లోనూ ఒకటే. సుమారు 40 లీటర్ల చెట్టు నీరు మరిగిస్తే ఒక లీటరు సిరప్ వస్తుంది, ధర అందుకే అంత. చవగ్గా దొరికే "పాన్‌కేక్ సిరప్", "టేబుల్ సిరప్" మొక్కజొన్న పాకం, అందులో మేపుల్ ఉండదు. 540 మిల్లీలీటర్ల డబ్బాలో సిరప్ బరువే 700 గ్రాములు దాటుతుంది. ఒకటి తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టాలని ఇంట్లోవాళ్ళకు చెప్పి మరీ ఇవ్వండి, బయట పెడితే బూజు పడుతుంది. ఇంత తలనొప్పి ఎందుకనుకుంటే మేపుల్ ఆకు ఆకారంలో ఉండే క్రీము బిస్కెట్లు తీసుకోండి. ఎండకు కరగవు, పంచడానికి తేలిక.

చిప్స్, కారాలు

చిప్స్‌లో కెనడాకి సాటి లేదు. కెచప్ చిప్స్ అంటే టమాటా పొడి, వెనిగర్, చక్కెర, ఉప్పు. పులుపు ముందు తగిలి, తీపి తర్వాత వస్తుంది, వేళ్ళు ఎర్రగా అవుతాయి. ఇండియా టమాటా చిప్స్‌లో మసాలా ముందుంటే దీంట్లో వెనిగర్ ముందుంటుంది. ఆల్ డ్రెస్డ్ అంటే బార్బెక్యూ, కెచప్, ఉల్లి-పుల్లటి క్రీము, ఉప్పు-వెనిగర్ కలగలిపిన రుచి. ఇది కొన్నేళ్ళుగా అమెరికాలోనూ దొరుకుతోంది కాబట్టి దాని కోసం మాత్రమే సరిహద్దు దాటనక్కర్లేదు.

విమానంలో గాలి ఒత్తిడి తగ్గగానే చిప్స్ ప్యాకెట్లు దిండులా ఉబ్బుతాయి. పెట్టె బిర్రుగా బిగిస్తే పగులుతాయి, వదులుగా వదిలేస్తే లోపల పొడి పొడి అవుతాయి. పిన్నుతో చిన్న చిల్లు పొడిచి టేపు అంటించే చిట్కా కొందరు చెబుతారు. అలా చేస్తే రెండు వారాల్లో చిప్స్ మెత్తబడతాయి. అంతకంటే హికరీ స్టిక్స్ కొనడం నయం. అగ్గిపుల్లల్లా సన్నగా తరిగి వేయించిన బంగాళాదుంప, పొగ వాసనతో. ముందే పుల్లలు కాబట్టి విరిగినా తేడా తెలియదు. పెరుగన్నంలో నంజుకోవడానికి కూడా బాగుంటాయి.

చీజ్ రుచులతో మాత్రం జాగ్రత్త. ఒంటారియోలోని బెల్‌విల్‌లో చేసే హాకిన్స్ చీజీస్‌కి అసలైన చెడ్డర్ వాడతారని పేరు, కరకరలో చీటోస్ కంటే గట్టిది. కానీ చీజ్ గడ్డకట్టించడానికి వాడే ఎంజైము దూడ కడుపులోంచి తీసినదో, సూక్ష్మజీవుల నుంచి తీసినదో చాలా ప్యాకెట్ల మీద రాయరు. నిష్ఠగా ఉండే ఇళ్ళకు ఏ దేశపు చీజ్ చిరుతిండీ వద్దు. కెచప్, ఉప్పు-వెనిగర్ లాంటివాటిని కూడా జాబితా చదివే కొనండి. బార్బెక్యూ, రోస్ట్ చికెన్ రుచుల్లో మాంసం పొడి కలిసే అవకాశం ఎక్కువ.

మెక్సికో: మనకు తెలిసిన రుచి, తెలియని పేరు

మూడింటిలో తెలుగు నోటికి దగ్గరది మెక్సికోదే, అయినా మనవాళ్ళు తక్కువగా కొనేదీ అదే. చింతపండుకి వాళ్ళ మాట తమరిందో. అరబ్బీలో "హిందూ దేశపు ఖర్జూరం" అన్న మాట నుంచి వచ్చింది. మామిడి ముక్కలకు మనం ఉప్పూకారం అద్దుకున్నట్టే వాళ్ళు తహీన్ చల్లుకుంటారు. ఎండుమిర్చి పొడి, ఉప్పు, ఎండబెట్టిన నిమ్మరసం కలిపిన పొడి అది. కారం తక్కువ, నిమ్మ పులుపు ఎక్కువ. సీసా పగలదు, కరగదు, శాకాహారం, జామకాయ మీదా బాగుంటుంది. ఒక్క వస్తువే తేగలిగితే ఇదే తెండి.

పుల్పరిందో అన్నది చింతపండు గుజ్జు, చక్కెర, ఉప్పు, మిరప్పొడి కలిపి బిళ్ళగా ఒత్తినది. 20 బిళ్ళల పెట్టె వస్తుంది. ఉప్పూ కారం వేసి దంచిన చింతపండుని పుల్లకు గుచ్చుకుని చప్పరించినవాళ్ళకు పరిచయం అక్కర్లేదు. నల్ల కాగితంలో వచ్చేది కారం ఎక్కువది. తీపీ కారం ఒకేసారి నోట్లో పడటం అమెరికాలో పెరిగిన పిల్లలకు వింతగా ఉంటుంది, ఊళ్ళో పిల్లలు మాత్రం ఎగబడి తింటారు.

మసపాన్ అంటే పల్లీలూ చక్కెరా మెత్తగా దంచి ఒత్తిన గుండ్రటి బిళ్ళ. పల్లీ లడ్డూని పొడి చేసి మళ్ళీ బిళ్ళ కట్టినట్టు ఉంటుంది. దె లా రోసా పెట్టెలో 28 గ్రాములవి 30, మొత్తం 840 గ్రాములు. చాక్లెట్ లేదు కాబట్టి ఎండకు ఏమీ కాదు. దీని లోపం ఒకటే, ముట్టుకుంటే రాలిపోతుంది. కాగితాన్ని పీకకుండా, బిళ్ళని అరచేతిలో ఉంచుకుని మడతల అంచుల్ని చుట్టూ ఒక్కొక్కటిగా విప్పాలి. విరిగినా పారేయకండి, గ్లాసు పాలలో కలిపితే పల్లీ పాలు. చాక్లెట్ పూత వేసిన రకం కూడా ఉంది, వేసవిలో దాని జోలికి పోవద్దు.

పలంకేతా మన పల్లీ పట్టీయే. అలెగ్రియా అన్నది తోటకూర జాతి గింజల్ని పేలాల్లా వేయించి పాకంలో ఒత్తిన అచ్చు. ఇవి మన దగ్గరా ఉన్నాయి, మోయడం దండగ. పాలతో చేసే హమొన్సీయో మన పాలకోవాకి చుట్టం. మేకపాలను మరిగించి చేసిన కహేతా క్యారమెల్ మాత్రం కొత్త రుచి, పల్చటి అప్పడాల మధ్య రాసి అమ్ముతారు.

మెక్సికో సరుకులో రెండు చోట్ల ఎదురుదెబ్బ తగులుతుంది. ఒకటి, చిచరోన్. రంగూ రూపూ చూస్తే మన గొట్టాల్లా, వేయించిన వడియాల్లా ఉంటుంది. "చిచరోన్ దె అరీనా" అంటే గోధుమపిండిది, బండి చక్రాల ఆకారంలో ఉంటుంది, తినొచ్చు. ఉత్త "చిచరోన్" అంటే పంది తోలు. రెండూ ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి. రెండోది సీసం. 2000ల మొదట్లో కాలిఫోర్నియాలో కొన్ని మిరప, చింతపండు మిఠాయిల్లో సీసం బయటపడి పెద్ద గొడవైంది. 2006లో అమెరికా ఆహార ఔషధ సంస్థ మిఠాయిల్లో సీసానికి సూచించే గరిష్ఠ స్థాయిని పది లక్షల పాళ్ళలో 0.1కి తగ్గించింది. పేరున్న కంపెనీల ప్యాకెట్లు కొనుక్కోండి. పేరూ ఊరూ లేని పొట్లాలు, మెరుపు పూసిన చిన్న మట్టి ముంతల్లో వచ్చే చింతపండు మిఠాయి పిల్లలకు ఇవ్వొద్దు. ఆ పూతలోనే సీసం ఉండే ప్రమాదం ఉంది.

లేబుల్ మీద వెతకాల్సిన మాటలు

కెనడా ప్యాకెట్ల మీద ఫ్రెంచితో పాటు ఇంగ్లీషు కూడా ఉంటుంది కాబట్టి చిక్కు లేదు. మెక్సికోలో నేరుగా కొంటే స్పానిష్ మాటలు తెలియాలి.

| వెతకాల్సింది | మెక్సికోలో ఎలా పలుకుతారు | సాధారణంగా ఎక్కడ |
|---|---|---|
| జెలటిన్ (జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసేది) | గ్రెనెతీనా | మార్ష్‌మెలో, సాగే జెల్లీలు |
| పంది కొవ్వు | మాంతేకా దె సెర్దో | బిస్కెట్లు, తీపి రొట్టెలు |
| వనస్పతి కొవ్వు | మాంతేకా వెహెతాల్ | అవే, ఇది ఫరవాలేదు |
| గుడ్డు | వేవో | నూగా, కేకులు |
| పురుగుల ఎరుపు రంగు | కార్మీన్, కొచినీయా | ఎరుపు, గులాబీ మిఠాయిలు |
| పల్లీ | కాకవాతె | మసపాన్, పలంకేతా |

అమెరికాలో పిల్లలు రోజూ తినేవాటిలోనే జెలటిన్ ఎక్కువ దాక్కుంటుంది. రైస్ క్రిస్పీస్ ట్రీట్స్‌లో మార్ష్‌మెలో ద్వారా వస్తుంది. పైన చక్కెర పూత ఉన్న పాప్ టార్ట్స్‌లో ఉంటుంది, పూత లేని రకంలో ఉండదు. స్టార్‌బర్స్ట్‌లో ఉంది, స్కిటిల్స్‌లో లేదు. "కన్ఫెక్షనర్స్ గ్లేజ్" అని కనిపిస్తే అది లక్క, అంటే పురుగు నుంచి వచ్చే మెరుపు పూత. దాన్ని తినాలా వద్దా అన్నది ఇంటి పెద్దలే తేల్చుకోవాలి.

ప్యాకెట్ ముందువైపే కనిపించే హెచ్చరికలు కూడా మూడు చోట్లా వేరు. మెక్సికోలో 2020 అక్టోబరు నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మోతాదు మించితే నల్లటి ఎనిమిది పలకల ముద్రలు వేస్తున్నారు. కెనడాలో 2026 జనవరి 1 నుంచి భూతద్దం బొమ్మతో "ఇది ఎక్కువ" అన్న గుర్తు తప్పనిసరి. అమెరికాలో ముందువైపు అలాంటిది తప్పనిసరి కాదు. ముద్ర లేదు కాబట్టి అమెరికా సరుకు ఆరోగ్యకరమని అనుకోవద్దు. అదే చాక్లెట్‌కి ఒక దేశంలో ముద్ర ఉంటుంది, ఇంకో దేశంలో ఉండదు, అంతే.

సరిహద్దు, పన్ను

కిండర్ సర్‌ప్రైజ్ గుడ్లు కెనడా నుంచి అమెరికాకి తేవద్దు. తినే మిఠాయి లోపల తినని వస్తువు పొదిగి ఉండకూడదని 1938 నాటి అమెరికా ఆహార చట్టం చెబుతుంది. సరిహద్దులో దొరికితే లాక్కుంటారు, జరిమానాకీ అవకాశం ఉంది. కిండర్ జాయ్‌లో బొమ్మా మిఠాయీ వేర్వేరు అరల్లో ఉంటాయి కాబట్టి దానికి ఆ బాధ లేదు. తినుబండారం ఏదైనా అడిగితే దాచకుండా చెప్పేయండి, మామూలు చాక్లెట్లకూ చిప్స్‌కీ ఎవరూ ఏమీ అనరు.

కెనడావాసి అమెరికాలో 24 గంటలుంటే 200, 48 గంటలు దాటితే 800 కెనడా డాలర్ల విలువ వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఉదయం వెళ్ళి సాయంత్రం వచ్చేస్తే ఆ మినహాయింపు లేదు. అమెరికావాసికి 48 గంటలు దాటితే 800, లోపు అయితే 200 అమెరికా డాలర్లు.

బిల్లు దగ్గర రెండు తమాషాలు. కెనడాలో చిరుతిళ్ళకు పన్ను పడుతుంది, ఒంటారియోలో అది 13 శాతం. అయితే డోనట్లు, మఫిన్ల లాంటివి ఒకేసారి ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ కొంటే పన్ను లేదు, ఐదు కొంటే ఉంటుంది. న్యూజెర్సీలో మిఠాయికి పన్ను ఉంది గానీ పిండి కలిసినదాన్ని మిఠాయి కింద లెక్కకట్టరు. కాబట్టి హర్షీ బార్‌కి పన్ను, పక్కనే ఉన్న ట్విక్స్‌కి లేదు.

ఎవరికి ఏది

ఊరంతా పంచాలంటే లెక్క ముందు చూసుకోవాలి. ఒక హర్షీస్ కిస్ చాక్లెట్ దాదాపు నాలుగున్నర గ్రాములు. నలభై ఇళ్ళకు పదేసి చొప్పున 400, అంటే 1.8 కిలోలు. ఇండియాలో దొరికేదే అయినా పెద్ద సంచిలో విడి చాక్లెట్ చవక పడుతుంది కాబట్టి పంపకానికి మాత్రమే దీన్ని ఒప్పుకోవచ్చు. దగ్గరివాళ్ళకు ఇదే ఇస్తే "అమెరికా నుంచి ఇదేనా" అనిపించుకుంటారు. వాళ్ళకు కాఫీ క్రిస్ప్‌లు, రీసెస్ కప్పులు విడిగా ఉంచండి.

షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు "షుగర్ ఫ్రీ" చాక్లెట్లు కొనడం మంచి ఉద్దేశమే గానీ చేటు చేస్తుంది. అందులో తీపికి వాడే మాల్టిటాల్ లాంటివి నాలుగు ముక్కలు దాటితే కడుపుబ్బరం, విరేచనాలు. పైగా మాల్టిటాల్ రక్తంలో చక్కెరని బొత్తిగా పెంచకుండా ఉండదు. ఉప్పు లేని పిస్తా, బాదం ఇవ్వండి. కాలిఫోర్నియా బాదం ఇండియాలోనూ అమ్ముతారు కదా అంటే నిజమే, మీరు చూసుకునేది ధర తేడా ఒక్కటే.

పల్లీ అలర్జీ ఉన్న పిల్లలుంటే కెనడా వైపు మొగ్గండి. అక్కడ చాలా బడుల్లో పల్లీలు తేనివ్వరు, అందుకే పల్లీ లేదన్న గుర్తు ఉన్న ప్యాకెట్లు కనిపించడం మామూలే. కెనడా కిట్‌క్యాట్, కాఫీ క్రిస్ప్, స్మార్టీస్ మీద ఆ గుర్తు ఉందేమో చూడండి. అదే పేరున్న అమెరికా సరుకుకి ఆ భరోసా వర్తించదు. మెక్సికో వరస మొత్తం పక్కన పెట్టేయండి.

గుడ్డు కూడా ముట్టని ఇంటికి తహీన్, మసపాన్, పుల్పరిందో, అమెరికా స్మార్టీస్ బిళ్ళలు దాదాపు నిశ్చింతగా ఇవ్వొచ్చు. కెనడాకి పేరు తెచ్చిన తీపి వంటకాలు నానైమో బార్, బటర్ టార్ట్ రెండింట్లోనూ మామూలుగా గుడ్డు ఉంటుంది. కారం ఇష్టపడే కుర్రకారుకి చుట్టల్లా ఉండే మొక్కజొన్న చిప్స్ టాకీస్ ఫ్యూగో. మన మిరపకాయ బజ్జీ కారంలా కాదు, నిమ్మ ఉప్పు నాలుకను కోసేసే కారం. ఖాళీ కడుపున తిననివ్వకండి.

సర్దడం

చాక్లెట్‌ని పెట్టె గోడలకు ఆనించకుండా మధ్యలో, నాలుగువైపులా బట్టలు వచ్చేలా పెట్టండి. మడత దుప్పటి, జీన్స్ వేడిని బాగా ఆపుతాయి. ముందు రోజు రాత్రి చాక్లెట్లను ఒక జిప్ సంచిలో గాలి తీసేసి మూసి చల్లటి గదిలో ఉంచండి, ఫ్రీజర్‌లో పెట్టొద్దు. గడ్డకట్టినది బయటి తేమకు చెమర్చి, ఆ నీటికి చక్కెర పైకి తేలి తెల్లటి గరుకు పొర కడుతుంది. సిరప్, కహేతా, పల్లీ వెన్న మూడింటినీ భద్రతా తనిఖీలో ద్రవాల కింద లెక్కకడతారు. వంద మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిలో వెళ్ళనివ్వరు, చెకిన్ పెట్టెలోనే వేయాలి. మూత చుట్టూ టేపు వేసి రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి.

ఇంటికి చేరాక కరిగినట్టు అనిపిస్తే కాగితం విప్పకండి. నీడలో, ఫ్యాను కింద ఒక పూట వదిలేసి, గట్టిపడ్డాక జిప్ సంచితో సహా ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. పైన బూడిద రంగు చారలు కనిపిస్తే బూజు కాదు, కోకో వెన్న పైకి తేలింది. తినడానికి ఇబ్బంది లేదు. చూడ్డానికి బాగా లేదని పిల్లలు వద్దంటే వేడి పాలలో వేసి తిప్పండి.